నీరు ఎంత శుద్ధమో మంచు అంత శుద్ధం

గృహ విజ్ఞానం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది తెలుగునాట తరతరాలుగా వినవచ్చే మాట. అటువంటి ఒక రోహిణి ఎండలో, విజయవాడలోని ఒక మధ్యతరగతి ఇంట్లో, పెళ్ళిమాటలకు వచ్చిన చుట్టాలకు నిమ్మరసం కలుపుతున్నారు. వంటింటి గట్టుమీద, మిక్సీ పక్కన, చిన్న పెట్టె వంటి కొత్త యంత్రం ఒకటి సన్నగా రొద చేస్తున్నది. ఏడెనిమిది నిమిషాలకొకసారి దాని కడుపులో గలగలమని చప్పుడవుతుంది. మూతకున్న అద్దంలోంచి చూస్తే తొమ్మిది మంచుముక్కలు బుట్టలోకి జారిపడుతూ ఉంటాయి. ఇంటి మనవరాలు వాటిని గ్లాసుల్లో వేసి అందరికీ అందిస్తున్నది.

గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ గ్లాసు అందుకొని, తాగకముందే ఒక ప్రశ్న వేసింది.

"ఈ ఐసుకు నీళ్ళెక్కడివే, అమ్మడూ?"

"కుళాయి నీళ్ళే, అమ్మమ్మా. గడ్డకట్టిన తరువాత ఇంకా క్రిములు ఎక్కడుంటాయి?"

అమ్మమ్మ ఇంకేమీ అనలేదు. గ్లాసు మాత్రం పక్కన పెట్టింది.

ఆ పెద్దావిడది చాదస్తమని నవ్వి ఊరుకోవడం సులువు. ఆమె చిన్ననాడు ఐసు అంటే బజారులో కొనవలసిన వస్తువు. గోనెసంచిలో, ఊకలో పొదిగిన పెద్ద గడ్డను సుత్తితో పగలగొట్టి, తూకం వేసి ఇచ్చేవారు. ఇంటికి చేరేసరికి సగం కరిగేది. మిగిలిన సగాన్ని కడిగితే ఊక, నార, మట్టి బయటపడేవి. ఆనాడు ఆమె తండ్రి ఐసు కొట్టువాణ్ణి అడిగిన ప్రశ్ననే ఈనాడు ఆమె మనవరాలిని అడిగింది. యంత్రం మారింది, ఇల్లు మారింది. ప్రశ్న మాత్రం మారలేదు. మారవలసిన అవసరమూ లేదు. ఎందుకంటే మంచుకు స్వంతమైన శుద్ధి అంటూ ఏదీ లేదు. తాను ఏ నీటి నుంచి పుట్టిందో, ఏ పాత్రలో పెరిగిందో, ఏ చేతిమీదుగా గ్లాసులోకి వచ్చిందో, ఆ మూడింటి గుణమే దాని గుణం.

మూకుళ్ళలో పండిన మంచు

ఎండాకాలపు దేశంలో మంచును సంపాదించడానికి మనుషులు పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. అక్బరు చక్రవర్తి కొలువులో నీటిని చల్లబరచడానికి సురేకారం వాడేవారని, 1586 ప్రాంతంలో కొలువు పంజాబుకు తరలిన తరువాత ఉత్తరాది కొండల నుంచి లాహోరుకు మంచు తెప్పించేవారని అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో వ్రాశాడు.

అంతకంటే ఆశ్చర్యకరమైనది గంగా మైదానంలో సామాన్యులైన పనివారు మంచును 'పండించిన' పద్ధతి. అలహాబాదు ప్రాంతంలో ఈ పని జరిగిన తీరును రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయ సేనాధికారి వివరించగా, 1775లో లండన్ రాయల్ సొసైటీ ఆ వ్యాసాన్ని ప్రచురించింది. ఆరుబయట సుమారు 30 అడుగుల చదరం, 2 అడుగుల లోతు గల గుంటలు తవ్వేవారు. అడుగున ఎండిన చెరకు ఆకు, జొన్నచొప్ప వంటిది మందంగా పరిచేవారు. దానిమీద లోతు తక్కువగా ఉన్న మట్టి మూకుళ్ళను వరుసగా అమర్చి, మునిమాపువేళ నీరు పోసేవారు. నిర్మలమైన చలికాలపు రాత్రి ఆ నీరు తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి, కొంత ఆవిరి రూపంలో పోగొట్టుకొని, చుట్టూ ఉన్న గాలి గడ్డకట్టేంత చల్లగా లేకపోయినా తాను గడ్డకట్టేది. సూర్యోదయానికి ముందే పనివారు వచ్చి ఆ పలుచని పలకలను ఏరి, పాతరలో దాచేవారు.

ఆ వర్ణనలో ఈనాటి గృహిణి గమనించవలసిన చిన్న సంగతి ఒకటి ఉన్నది. మూకుళ్ళలో పోసే నీరు కాచిన నీరని బార్కర్ వ్రాశాడు. వ్యాధులకు సూక్ష్మజీవులే కారణమని లోకానికి తెలియడానికి చాలాకాలం ముందే, మంచు పండించేవారు నీటిని ముందుగా కాచేవారన్నమాట.

1833లో కథ మరొక మలుపు తిరిగింది. అమెరికాలోని బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్, చలికాలంలో గడ్డకట్టిన అక్కడి సరస్సుల మంచును కోసి, రంపపు పొట్టులో పొదిగి, 'టస్కనీ' అనే ఓడ మీద కలకత్తాకు పంపాడు. మే నెలలో బయలుదేరిన ఓడ సెప్టెంబరులో చేరింది. సుమారు 180 టన్నులు ఎక్కిస్తే దాదాపు 100 టన్నులు మిగిలాయి. నాలుగు నెలల పాటు ఉష్ణమండల సముద్రాలను దాటి సగానికి పైగా మంచు నిలవడం ఆ కాలానికి ఒక వింత. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఆ మంచుకోసం ప్రత్యేకంగా గిడ్డంగులు వెలిశాయి. మద్రాసు సముద్రతీరాన 1842లో కట్టిన ఐస్ హౌస్ నేటికీ నిలిచి ఉన్నది. 1897లో స్వామి వివేకానందుడు తొమ్మిది రోజులు బస చేసిన ఆ భవనాన్నే ఇప్పుడు వివేకానంద భవనమని పిలుస్తున్నారు.

ఆవిరి యంత్రాలతో మంచు తయారుచేసే కర్మాగారాలు మన రేవుపట్టణాలలోనే వెలిసిన తరువాత, సముద్రం దాటి వచ్చే మంచుకు కాలం చెల్లింది. యంత్రంతో మంచును సృష్టించాలన్న ఆలోచనకు మూలం విలాసం కాదన్న విషయం చాలామందికి తెలియదు. అమెరికాలోని ఫ్లోరిడాలో జాన్ గోరీ అనే వైద్యుడు, జ్వరంతో మండిపోతున్న రోగుల గదులను చల్లబరచడానికి మార్గం వెదుకుతూ ఒక యంత్రాన్ని నిర్మించి, 1851లో దానికి పేటెంటు పొందాడు. రోగి పడక పక్క నుంచి బయలుదేరిన ఆ విద్య ఇప్పుడు వంటింటి గట్టుమీదికి చేరింది.

తొమ్మిది వేళ్ళ యంత్రం

గట్టుమీద పెట్టుకొనే ఈ ఐసు యంత్రం చిన్న ఫ్రిజ్ అని చాలామంది అనుకుంటారు. ఇది ఫ్రిజ్ కాదు. ఫ్రిజ్ చల్లదనాన్ని నిలవ ఉంచుతుంది. ఈ యంత్రం మంచును తయారుచేస్తుంది, నిలవ మాత్రం ఉంచదు. ఈ భేదం తెలియకపోవడం వల్లనే కొన్నవారిలో చాలామంది మొదటి వారంలోనే నిరాశపడతారు.

లోపల జరిగే పని ఇది. అడుగున ఒకటిన్నర, రెండు లీటర్ల నీటి తొట్టి ఉంటుంది. చిన్న పంపు ఆ నీటిని పైనున్న పళ్ళెంలోకి తోడుతుంది. పళ్ళెంలోకి చేతివేళ్ళలా దిగి ఉన్న లోహపు కడ్డీలు, సాధారణంగా తొమ్మిది, ఆ నీటిలో మునిగి ఉంటాయి. కంప్రెసర్ ఒత్తిన శీతలవాయువు ఆ కడ్డీల లోపల వ్యాకోచించి వేడిని లాగేస్తుంది. దానితో ప్రతి కడ్డీ చుట్టూ మంచు తొడుగు పేరుకుంటుంది. ముక్కల పరిమాణాన్ని బట్టి ఆరు మొదలు పదమూడు నిమిషాలలో తొడుగు తగిన మందానికి వస్తుంది. అప్పుడు యంత్రం ఒక చమత్కారం చేస్తుంది. అంతవరకు చల్లగా ఉన్న కడ్డీలలోకి క్షణకాలం వేడి వాయువును పంపుతుంది. తొడుగులు పట్టు సడలి జారిపోతాయి. పళ్ళెం వంగి మిగిలిన నీటిని తొట్టిలో కుమ్మరిస్తుంది. ఒక తెడ్డు ముక్కలను బుట్టలోకి నెడుతుంది. బుట్ట నిండితే ఒక కాంతికిరణం అడ్డుపడి యంత్రాన్ని ఆపివేస్తుంది.

ఈ ముక్కలు కుట్టుపనివారు వేలికి తొడుక్కొనే తొడుగులా మధ్యలో బోలుగా ఉంటాయి. ఫ్రిజ్ ట్రేలోని ఘనాల కంటే తేటగా కనిపిస్తాయి. దానికి కారణం ఉన్నది. ట్రేలో నీరు బయటి నుంచి లోపలికి గడ్డకడుతుంది. నీటిలో కరిగి ఉన్న గాలి పారిపోయే దారిలేక నడుమ చిక్కుకొని తెల్లని మచ్చగా మిగులుతుంది. కడ్డీ చుట్టూ మాత్రం నీరు లోపలి నుంచి బయటికి గడ్డకడుతుంది. గాలి చుట్టూ ఉన్న నీటిలోకి తప్పించుకొంటుంది. తేటదనానికి ఇదే కారణం. తేటగా ఉన్నది గనుక శుద్ధమైనదని భ్రమించరాదు.

బుట్ట విషయం మరీ ముఖ్యం. దానికి చల్లదనం ఉండదు. అందులోని ముక్కలు నెమ్మదిగా కరుగుతూ ఉంటాయి. కరిగిన నీరు చుక్కచుక్కగా కింది తొట్టిలోకే దిగి, మళ్ళీ మంచుగా మారి పైకి వస్తుంది. చుక్క నీరు వృథా కాని ఏర్పాటు ఇది. అయితే ఇందులోనే ఒక ప్రమాదమూ దాగి ఉన్నది. దానిని గురించి ముందుముందు చెప్పుకోవలసి ఉన్నది.

గ్లాసుకు ఎంత మంచు?

చాలా యంత్రాలమీద 'రోజుకు 12 కిలోలు' అని ముద్రించి ఉంటుంది. అది చూసి అతిథులు గుమ్మంలో అడుగుపెట్టిన తరువాత మీట నొక్కితే నగుబాటు తప్పదు. 24 గంటలకు 12 కిలోలంటే గంటకు అర కిలో మాత్రమే. అదైనా గది ఓ మోస్తరు చల్లగా ఉన్నప్పటి లెక్క. వెలుపల 42 డిగ్రీల ఎండ కాస్తూ, పక్కన పొయ్యి మండుతున్న వంటింట్లో అంత రాదు.

ఒక గ్లాసు పానీయానికి ఎంత మంచు కావాలి? భౌతికశాస్త్రపు చిన్న లెక్కతో ఇది తేలిపోతుంది. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీల వేడి కావాలి. 30 డిగ్రీల వెచ్చదనంలో ఉన్న 200 మిల్లీలీటర్ల నిమ్మరసాన్ని 5 డిగ్రీలకు దించాలంటే 5,000 కెలోరీలు తీసివేయాలి. గ్రాము మంచు కరిగి, ఆ నీరు 5 డిగ్రీలకు చేరేసరికి 85 కెలోరీలు గ్రహిస్తుంది. అంటే సుమారు 60 గ్రాముల మంచు. యంత్రం ఒక వాయికి ఇచ్చే తొమ్మిది ముక్కల తూకం ఇంచుమించు అంతే. వాయికొక గ్లాసు అని గుర్తుంచుకుంటే చాలు. ఎనిమిది మంది అతిథులకు గంట ముందుగా యంత్రం వేయవలసి ఉంటుంది.

ఇక్కడ మన పాత కుండ కొత్త యంత్రానికి తోడు వస్తుంది. మట్టికుండ గోడల గుండా నీరు చెమర్చి ఆవిరి కావడంతో లోపలి నీరు చల్లబడుతుందన్నది అందరికీ అనుభవమే. రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల పొడిగాలిలో ఈ ప్రభావం ఎక్కువ, కోస్తా తీరపు ఉక్కలో తక్కువ. కుండలో 22 డిగ్రీలకు చల్లబడిన నీటితో నిమ్మరసం కలిపితే అదే గ్లాసుకు 40 గ్రాముల మంచు సరిపోతుంది. మూడింట ఒక వంతు మంచు ఆదా. యంత్రపు తొట్టిలో కూడా ముందే చల్లబరచిన నీటిని పోస్తే పని త్వరగా తెమలుతుంది. 30 డిగ్రీల నీటికి బదులు 10 డిగ్రీల నీరు పోస్తే, తీసివేయవలసిన వేడి దాదాపు ఐదింట ఒక వంతు తగ్గుతుంది.

విద్యుత్తు ఖర్చుకు భయపడనక్కర లేదు. ఇటువంటి యంత్రం సుమారు 120 వాట్లు వాడుకుంటుందనుకుంటే, నాలుగు కిలోల మంచుకు ఒక యూనిట్ పడుతుంది. ఎక్కువ మంచు కావలసినప్పుడు బుట్ట నిండినకొద్దీ ముక్కలను శుభ్రమైన మూతడబ్బాలో పోసి ఫ్రిజ్ పైఅరలో దాచడం ఉత్తమం.

చలి క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది

ఇక మనవరాలి మాటకు వద్దాం. 'గడ్డకట్టిన తరువాత క్రిములెక్కడుంటాయి?' అన్నది ఆమె ఒక్కతె నమ్మకం కాదు. చదువుకున్న వారిలోనూ ఎందరో అలాగే అనుకుంటారు. నిజానికి శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలలో సూక్ష్మజీవులను ఏళ్ళ తరబడి భద్రపరచేదే అతిశీతల పేటికలలో. గడ్డకట్టడం వల్ల టైఫాయిడ్, కలరా వంటి వ్యాధులను కలిగించే సూక్ష్మజీవులలో కొన్ని నశించవచ్చు, అన్నీ నశించవు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ వైరసు, వాంతులు విరేచనాలు కలిగించే నోరోవైరసు చలిని చక్కగా తట్టుకుంటాయి. మంచు గ్లాసులో కరగగానే అవి మేలుకొంటాయి. నిమ్మరసపు పులుపు వాటిని అణచివేస్తుందని నమ్మడానికీ వీలులేదు.

ఇందుకు ఒక దృష్టాంతం. 1987 సెప్టెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా, డెలావేర్ రాష్ట్రాలలో వందలాదిమంది ఒక్కసారిగా వాంతులు, విరేచనాలతో మంచమెక్కారు. ఒక ఫుట్‌బాల్ ఆటకు వెళ్ళినవారు కొందరు, ఒక విందుకు వెళ్ళినవారు కొందరు. ఆరాతీయగా అందరికీ ఉమ్మడిగా కనిపించినది వారి పానీయాలలోని ఐసు. భారీ వర్షాలకు వరదనీరు ముంచెత్తిన బావుల నీటితో ఒక కర్మాగారంలో తయారైన ఐసు అది. చూడటానికి తళతళలాడే స్ఫటికమే. దాని కడుపులో ఉన్నది మాత్రం మురుగునీటి వైరసు.

మన వీధులలో చెరకురసం బండిమీద, సోడా దుకాణంలో కనిపించే పెద్ద గడ్డలలో అన్నీ తాగడానికి ఉద్దేశించినవి కావు. చేపలను నిలవచేయడానికీ ఇతర అవసరాలకూ తయారైన ఐసు దారితప్పి గ్లాసులలోకి రావడం కొత్త సంగతి కాదు. దీనిని అరికట్టడానికే 2018లో మహారాష్ట్ర ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ, తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలని నిర్బంధించింది. రంగు చూసి మనిషి పోల్చుకోగలగడం మంచి ఏర్పాటే. కాని ఇంట్లో మన చేతులతో మనమే తయారుచేసుకొన్న ఐసుకు రంగు వేసి హెచ్చరించేవారు ఎవరున్నారు?

యంత్రాన్ని వాడుకొనే తీరు

కొత్త యంత్రాన్ని ఇంటికి తేగానే మీట నొక్కరాదు. రవాణాలో పక్కకు ఒరిగినప్పుడు కంప్రెసర్‌లోని నూనె గొట్టాలలోకి పాకి ఉంటుంది. సమతలంగా ఉన్న గట్టుమీద ఒక పగలు, ఒక రాత్రి నిలబెట్టి ఉంచితే ఆ నూనె స్వస్థానానికి చేరుతుంది. చుట్టూ కనీసం జానెడు ఖాళీ విడవాలి. వేడిగాలి బయటికి పోయే కంతలను గోడకు ఆనించి మూసివేస్తే మంచు తగ్గి, యంత్రపు ఆయుష్షు కూడా తగ్గుతుంది. ఇప్పటి యంత్రాలలో చాలావాటిలో ఐసోబ్యూటేన్ అనే, మండే స్వభావం గల వాయువు కొద్ది గ్రాములు ఉంటుంది. మామూలు వాడకంలో దానివల్ల భయం లేదు. అయితే యంత్రాన్ని పొయ్యి పక్కన పెట్టరాదు. కడ్డీలకు అంటుకొన్న మంచును కత్తితోనో చాకుతోనో పొడిచి తీయరాదు.

ఎర్తింగు ఉన్న మూడు కాళ్ళ ప్లగ్గునే వాడాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు ఆగి వేస్తే కంప్రెసర్ మీద భారం పడదు. తొట్టిని, బుట్టను ముందుగా సబ్బునీటితో కడిగి, మంచినీటితో తొలచాలి. మొదటి రెండుమూడు వాయిల ముక్కలను పారబోయాలి. అవి పలుచగా, కొత్త ప్లాస్టిక్ వాసనతో ఉంటాయి.

ఇక అసలు విషయం, నీరు. నమ్మకమైన శుద్ధియంత్రం నుంచి పట్టిన నీరు సరే. అది లేనప్పుడు, నీటిని తెర్లేవరకు కాచి, మరొక నిమిషం పొయ్యిమీద ఉంచి, మూతపెట్టి పూర్తిగా చల్లార్చి, శుభ్రమైన గుడ్డతో వడకట్టి పోయాలి. వేడినీరు, గోరువెచ్చని నీరు తొట్టిలో పోయరాదు. ఆనాటి మూకుళ్ళ పనివారు పాటించిన నియమానికీ దీనికీ ఆట్టే భేదం లేదు.

బోరునీటిలోని సున్నం కొంతకాలానికి కడ్డీలమీద, పంపులో తెల్లని పొరగా పేరుకుంటుంది. ముక్కలు చిన్నవవుతాయి, యంత్రం మూలుగుతుంది. అప్పుడు తొట్టెడు నీటిలో రెండు చెంచాల నిమ్మఉప్పు కరిగించి, ఒకటి రెండు వాయిలు తిప్పి, ఆ మంచును, నీటిని పారబోసి, మంచినీటితో రెండుసార్లు కడగాలి. వినిగర్ వాడినా మంచిదే. ఈ పుల్లని వస్తువులను బ్లీచింగు పదార్థంతో ఎన్నడూ కలపరాదు. ఆ రెండూ కలిస్తే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

తొట్టిలోని నీటిని రాత్రికి రాత్రి వదిలివేయడం అన్ని పొరపాట్లలోకి పెద్దది. చీకటి, తడి, గది వెచ్చదనం మూడూ కలిసిన చోట వేలికి జారుడుగా తగిలే జిగురుపొర ఏర్పడుతుంది. సూక్ష్మజీవులు కట్టుకొన్న కాపురం అది. పని ముగియగానే అడుగునున్న బిరడా తీసి నీటిని వదిలివేసి, లోపల పొడిగుడ్డతో తుడిచి, మూత తెరిచి ఆరనివ్వాలి. రోజూ వాడేవారు వారానికొకసారి సబ్బునీటితో శుభ్రం చేసుకొంటే చాలు.

బుట్టలోని ప్రమాదమన్నది ఇక్కడ చెప్పుకోవాలి. కరిగిన నీరు తిరిగి తొట్టిలోకే చేరుతుంది గనుక, బుట్టలో ఒకరు పెట్టిన మురికి చెయ్యి ఆ ఒక్క ముక్కతో ఆగదు. చేతి మలినం కరిగిన నీటితో కిందికి దిగి, పంపుతో పైకి ఎక్కి, తరువాతి వాయిలోని తొమ్మిది ముక్కలలోనూ గడ్డకడుతుంది. ఫ్రిజ్ ట్రేలో జరగని సంగతి ఇది. అందువల్ల గరిటెతోనో పట్టుకారుతోనో మాత్రమే ముక్కలు తీయాలి. ఆ గరిటెను బుట్టలో వదలకుండా వేరే గిన్నెలో ఉంచాలి. ఈ మాట ఇంటిల్లిపాదికీ, ముఖ్యంగా ఎండన ఆడి వచ్చి నేరుగా బుట్టలో చెయ్యిపెట్టే పిల్లలకు నేర్పాలి. జారుడుగా ఉండే ఈ బోలు ముక్కలు పసివారి గొంతుకు అడ్డుపడవచ్చు గనుక వారి చేతికి ఇవ్వరాదు.

ఆపదలో అక్కరకు వచ్చే మంచు

ముగ్గురు, నలుగురు ఉండే ఇంట్లో ఫ్రిజ్ ఉంటే రెండు ట్రేల ఐసుతో రోజు గడిచిపోతుంది. అటువంటివారు ఈ యంత్రం కొనకపోయినా లోటేమీ లేదు. వచ్చిపోయేవారు ఎక్కువగా ఉండే ఇళ్ళకు, చిన్న ఫలహారశాల నడుపుకొనేవారికి ఇది బాగా ఉపకరిస్తుంది. అయితే యంత్రానిదైనా, ట్రేదైనా, వేసవిలో ఇంట్లో మంచు సిద్ధంగా ఉండటం దాహానికి మించిన ఒక పనికి వస్తుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. వడదెబ్బలో ప్రాణం నిలిపేది శరీరాన్ని త్వరగా చల్లబరచడమే.

ఎండలో తిరిగి వచ్చిన మనిషి ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, తెలివి తప్పుతున్నట్టు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటిమీద నీరు చిలకరిస్తూ విసరాలి. గుడ్డలో చుట్టిన మంచును మెడకు ఇరువైపులా, చంకలలో, గజ్జలలో ఉంచాలి. స్పృహ లేని మనిషికి నోట నీరు పోయరాదు. జ్వరపీడితుల గదిలో డాక్టర్ గోరీ వెదికిన ఉపశమనం ఇదే.

బెణికిన కాలికి గుడ్డలో చుట్టిన మంచును ఇరవై నిమిషాలకు మించకుండా ఒత్తవచ్చు. కాలిన గాయానికి మాత్రం మంచు పనికిరాదు. అది దెబ్బతిన్న చర్మాన్ని మరింత దెబ్బతీస్తుంది. కాలిన చోట ధారగా చల్లని కుళాయినీటిని ఇరవై నిమిషాలు పోయడమే సరైన చికిత్స.

*

విజయవాడ ఇంట్లో ఆ సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయిన తరువాత, మనవరాలు యంత్రపు బిరడా తీసి నీటిని వదిలింది. తొట్టి అడుగున వేలు పెట్టి చూస్తే సన్నగా జారుడు తగిలింది. కొని పదిరోజులు కాలేదు. ఆమె ఏమీ మాట్లాడకుండా దానిని తోమి, తుడిచి, మూత తెరిచి ఉంచింది. రాత్రి పెద్ద గిన్నెలో నీరు కాచి మూత పెట్టింది.

మరునాటి మధ్యాహ్నం అమ్మమ్మ చేతికి మజ్జిగ గ్లాసు అందింది. పైన నాలుగు ముక్కలు తేలుతున్నాయి.

"నీళ్ళెక్కడివే, అమ్మడూ?"

"కాచి చల్లార్చినవి, అమ్మమ్మా. డబ్బా నేనే కడిగాను. చెయ్యి కూడా పెట్టలేదు, గరిటెతో తీశాను."

అమ్మమ్మ గ్లాసు ఎత్తి, ఆగకుండా తాగింది. ఖాళీ గ్లాసు అందిస్తూ, ఇంకొంచెం పొయ్యమంది.